జూన్ 12కు ముందు

దసరా సెలవులు అయిపోయి పెద్దపిల్లలు మళ్లీ బడికి పోవడం మొదలుపెట్టారో లేదో, హైదరాబాద్‌లో నాగోల్ చౌరస్తా నుంచి ఎల్బీనగర్ దాకా రోడ్డు పొడవునా కొత్త ఫ్లెక్సీలు వెలుస్తాయి. వచ్చే జూన్‌కు అడ్మిషన్లు మొదలయ్యాయని, ముందు చేరితే ఫీజులో రాయితీ అని. ఆ ఫ్లెక్సీ ఏ బిడ్డ కోసం కట్టారో ఆ బిడ్డకు అప్పటికి రెండేళ్లు దాటి నాలుగైదు నెలలై ఉంటుంది. డైపర్ ఇంకా పూర్తిగా మానలేదు. చెప్పే మాటల్లో సగం వాళ్లమ్మకే అర్థమవుతాయి. అపార్ట్‌మెంట్ లిఫ్ట్‌లో మాత్రం ప్రశ్న మొదలైపోతుంది: “పాపను ఏ స్కూల్ల ఏస్తున్నరు?”

ఈ ప్రశ్నకు జవాబు వెతుక్కునే ఎనిమిది నెలలనే బిడ్డను బడికి సిద్ధం చేయడం అంటున్నాం. రంగుల పేర్లు, పండ్ల పేర్లు, ఓ పది రైమ్స్, ఏ నుంచి జడ్ దాకా, ఒకటి నుంచి యాభై దాకా. చుట్టాలొస్తే సోఫా మీద నిలబెట్టి ఒకసారి అప్పజెప్పించడం. వీటిలో పిల్లలకు నిజంగా పనికొచ్చేది ఎంత, అడ్మిషన్ల క్యాలెండర్ కోసం చేసేది ఎంత అన్నది ఇక్కడ చూడదలచుకున్నాను. చట్టాలు, పరిశోధనలు, ఈ కాలనీల్లో కళ్లముందు జరుగుతున్నవి కలిపి చూస్తే ఈ తొందర బిడ్డది కాదని తేలిపోతుంది. చాలావరకు తల్లిదండ్రులది కూడా కాదు.

నాగోల్‌ను ఎరిగినవాళ్లకు తొందర ఎక్కడ పుడుతుందో ఊహించడం కష్టం కాదు. విజయవాడ రోడ్డు, సాగర్ రోడ్డు ఎల్బీనగర్ దగ్గర విడిపోతాయి. నల్గొండ, సూర్యాపేట, దేవరకొండ, ఖమ్మం వైపు నుంచి వచ్చిన కుటుంబాలు ఊరి బస్సు దిగేచోటికి దగ్గరగా ఉంటుందని ఈ చుట్టుపక్కలే ఫ్లాట్లు కొనుక్కున్నాయి. 2017 నవంబరులో మెట్రో తొలి దశ మొదలైనప్పుడే నాగోల్‌కు రైలొచ్చింది. 2019 నవంబరుకు అది రాయదుర్గం చేరింది. దాంతో ఐటీ ఉద్యోగాలు చేసే భార్యాభర్తలకు మమతానగర్, స్నేహపురి, బండ్లగూడ లాంటి చోట్లు అందుబాటు ఇళ్లయ్యాయి. పొద్దున ఎనిమిదికి వెళ్లినవాళ్లు మళ్లీ ఇల్లు చేరేసరికి రాత్రి ఎనిమిది. నానమ్మో అమ్మమ్మో ఊరినుంచి వచ్చి ఉంటే సరే. లేనివాళ్లకు రెండున్నరేళ్ల బిడ్డను చూసుకునే చోటు కావాలి. అది ప్లేస్కూల్ పేరుతో దొరుకుతోంది. అందుకని ఇంత చిన్నపిల్లను పంపుతారా అని తల్లిని నిలదీసేవాళ్లను చూస్తే నాకు చిరాకు. ఆమె కొనుక్కుంటున్నది నిజానికి పగటిపూట భద్రత. చదువు దానికి తగిలించి అమ్ముతున్నారు.

తగిలించినవాళ్లెవరని అడిగితే ఎవరూ ఒప్పుకోరు. తల్లిదండ్రులే రాయించమంటున్నారని ప్లేస్కూల్ వాళ్లంటారు. ఎల్‌కేజీ ఇంటర్వ్యూలో అడుగుతారు కాబట్టి రాయించమంటున్నామని తల్లిదండ్రులంటారు. ఒకటో తరగతి పుస్తకం అందుకోవాలంటే యూకేజీలోనే వాక్యాలు చదవాలని బడి అంటుంది. ఆ పైన ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్ అని బోర్డు. గ్రూప్స్ నుంచి బ్యాంకు పరీక్షల దాకా వీధికో కోచింగ్ సెంటరున్న దిల్‌సుఖ్‌నగర్ పక్కన పెరిగే పిల్లలకు ఈ గొలుసు తల్లి ఒళ్లోనుంచే మొదలవుతోంది.

ముందు వయసు సంగతి. 2020 జాతీయ విద్యా విధానం మూడు నుంచి ఎనిమిదేళ్ల వయసును ఒకే దశగా చూసింది. మూడేళ్లు ప్రీస్కూలు, ఆ తర్వాత ఒకటి, రెండు తరగతులు. ఒకటో తరగతికి ఆరేళ్లు నిండాలి. 2022 అక్టోబరులో ఈ పునాది దశకు జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం వచ్చింది. ఆటే ప్రధానమని, ఇంటిభాషే బోధనభాష కావాలని అందులో గట్టిగానే రాశారు. 2023 ఫిబ్రవరిలో కేంద్రం, ఒకటో తరగతికి ఆరేళ్ల నిబంధన పాటించమని రాష్ట్రాలకు లేఖ రాసింది. కేంద్రీయ విద్యాలయాలు అంతకు ఏడాది ముందే ఆరేళ్లకు మారాయి. కొందరు తల్లిదండ్రులు కోర్టుకు వెళ్తే 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆ మార్పును నిలబెట్టింది. మన రాష్ట్రంలో మాత్రం ఐదేళ్లు నిండితే ఒకటో తరగతి అన్నది ఏళ్లుగా పాతుకుపోయిన లెక్క. కాబట్టి నాగోల్ కుటుంబానికి ఉప్పల్ కేంద్రీయ విద్యాలయంలో ఒక వయసు, వీధి చివరి బడిలో ఇంకో వయసు. ఐదేళ్లకే యూకేజీ ముగించుకున్న పిల్లవాడు కేవీ ఫారం దగ్గరికొచ్చేసరికి చిన్నవాడైపోతాడు.

ఇక్కడే ‘ఏడాది పోతుంది’ అనే భయం పుడుతుంది. ఎక్కడికి పోతుందో ఎవరూ చెప్పరు. 2019లో అసర్ సంస్థ దేశంలోని కొన్ని గ్రామీణ జిల్లాల్లో నాలుగు నుంచి ఎనిమిదేళ్ల పిల్లల మీద సర్వే చేసింది. ఒకటో తరగతిలో ఉన్నవాళ్లలో ఐదింట ఒకరికి పైగా నాలుగైదేళ్లవాళ్లే. ఒకే తరగతిలో, ఒకే పుస్తకం ముందు కూర్చున్నా పెద్దవయసు పిల్లలు చదవడంలోనూ లెక్కల్లోనూ ముందున్నారు. బొమ్మలను వరుసలో పేర్చడం, ముక్కలు కలిపి బొమ్మ చేయడం లాంటి పనులు బాగా వచ్చిన పిల్లలే అక్షరాలూ అంకెలూ బాగా పట్టుకున్నారన్నది ఆ సర్వేలో ఇంకో ముఖ్యమైన విషయం. అంటే ముందు చేర్పించి సంపాదించామనుకున్న ఏడాదిని పిల్లవాడు ఒకటో తరగతిలో వెనకబడి తిరిగి కట్టేస్తున్నాడు.

డాలస్‌లో ఉన్న మనవడు సెప్టెంబరు 1 నాటికి ఐదేళ్లు నిండకపోతే ఆ ఏడు అక్కడి ప్రభుత్వ బడిలో కిండర్‌గార్టెన్‌లో కూర్చోడు. టెక్సస్ నిబంధన అది. ఫిన్లాండ్‌లో పిల్లలు ఆరేళ్లప్పుడు ఒక ఏడు ప్రీప్రైమరీకి పోయి, ఏడేళ్లకు ఒకటో తరగతిలో చేరతారు. అక్కడి మనవడు ఆగితే “వాళ్ల పద్ధతి అంతే” అని సరిపెట్టుకునే తాతయ్యే, ఇక్కడి మనవరాలు నర్సరీలో ఇంకో ఏడాది ఉంటుందంటే పరువు పోయినట్టు చూస్తాడు.

ప్రీస్కూలుకు పంపితే బడికి సిద్ధమవుతారా అన్న ప్రశ్నకు మన గడ్డ మీదే జవాబు వెతికిన అధ్యయనాలు రెండున్నాయి. ఢిల్లీ అంబేడ్కర్ విశ్వవిద్యాలయం, అసర్ కలిసి యూనిసెఫ్ సాయంతో చేసినది మొదటిది. 2017లో నివేదిక వచ్చింది. అస్సాం, రాజస్థాన్, తెలంగాణ గ్రామాల్లో దాదాపు 14,000 మంది నాలుగేళ్ల పిల్లలను ఎనిమిదేళ్లు వచ్చేదాకా వెంబడించారు. ఐదేళ్ల వయసులో బడికి ఎంత సిద్ధంగా ఉన్నారని చూస్తే, ఉండవలసిన దానికి చాలా దిగువన తేలారు. అంగన్‌వాడీలో ఎక్కువగా తిండి, కాస్త పాట. ప్రైవేటు నర్సరీలో బల్ల, పలక, వల్లెవేత. రెండూ ఆ వయసుకు కావలసింది ఇవ్వడం లేదని తేలింది. ఎక్కడైతే ఆటా మాటా ఎక్కువగా ఉన్నాయో అక్కడి పిల్లలే మెరుగ్గా ఉన్నారు. ఇంకో సంగతి: పిల్లలు కాగితం మీద రాసుకున్నట్టు వరసగా అంగన్‌వాడీ, తర్వాత బడి అని నడవడం లేదు. నాలుగేళ్లకే ఒకటో తరగతిలో కూర్చున్నవాళ్లున్నారు. బడికి పోయి మళ్లీ అంగన్‌వాడీకి వచ్చినవాళ్లూ ఉన్నారు.

రెండోది ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం నడిపించే యంగ్ లైవ్స్. 2002 నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని మూడు ప్రాంతాల్లో 3,000 మంది పిల్లల జీవితాలను గమనిస్తూ వచ్చింది. దాని నుంచి 2011లో వెలువడిన ఒక పత్రం, ప్రైవేటు ఎల్‌కేజీ, యూకేజీలు పెరిగింది ప్రధానంగా ఇంగ్లిష్ మీడియం బడికి దారిగానేనని చూపింది. పేద కుటుంబాలు కూడా ఆ దారికోసం అప్పోసప్పో చేస్తున్నాయి, అయినా అసమానత తగ్గలేదు. నాగోల్ మధ్యతరగతికి ఇదేదో పల్లెల గొడవ అనిపించవచ్చు. కానీ అపార్ట్‌మెంట్‌లో పైన ఉండే ఇంటివాళ్లు, కింద గదిలో ఉండే వాచ్‌మన్ కుటుంబం ఈ విషయంలో ఒకే కలను కంటున్నారు. వాళ్లు కట్టగలిగే ఫీజుల్లోనే తేడా.

ఇక చేతిరాత సంగతి. ఈ మొత్తం వ్యవహారంలో పిల్లలకు అసలైన కష్టం పెట్టేది ఇదే.

అక్షరాభ్యాసం మనకు పెద్ద పండగ. వసంత పంచమికి, దసరాల్లో మూలా నక్షత్రం రోజుకు బాసర గోదావరి ఒడ్డున జనం కిటకిటలాడతారు. అంతదూరం పోలేనివాళ్లు సిద్దిపేట జిల్లా వర్గల్ గుట్టకు పోతారు. పళ్లెంలో బియ్యం పోసి, బిడ్డ వేలు పట్టుకుని తండ్రి రాయిస్తాడు. ముస్లిం కుటుంబాల్లో నాలుగేళ్ల నాలుగు నెలల నాలుగు రోజులకు బిస్మిల్లా చేసే ఆచారం ఉంది. ప్రభుత్వ బడులు కూడా జూన్‌లో బడిబాట కార్యక్రమంలో సామూహిక అక్షరాభ్యాసాలు చేయిస్తున్నాయి. ఈ ఆచారాల్లో నాకు నచ్చేదేమిటంటే, వేలు పట్టుకుని రాయించినవాళ్లు మర్నాటినుంచి బిడ్డ తనంతట తాను రాయాలని ఎప్పుడూ అనుకోలేదు. శనగలో, పలకలో, బలపాలో పదిమంది పిల్లలకు పంచి ఇంటికి వచ్చేవాళ్లు. చదువు ఉందని బిడ్డకు పరిచయం చేయడం వరకే ఆ తంతు.

ఇప్పుడు తంతు అయిన వారానికే నాలుగు గీతల నోట్‌బుక్ వస్తుంది. చేయి ఎదిగే తీరు తెలిస్తే ఆ నోట్‌బుక్ చూసి నొప్పి కలుగుతుంది. సాధారణంగా మూడేళ్ల బిడ్డ చూసి గీయగలిగేది గుండ్రం. నాలుగేళ్ల ప్రాంతంలో అడ్డగీత, నిలువుగీత కలిసిన ప్లస్ గుర్తు, ఆ తర్వాత చతురస్రం. ఏటవాలు గీతలున్న త్రిభుజం ఐదేళ్లకు గాని కుదరదు. ఇంగ్లిష్ పెద్దక్షరాల్లో మొదటిదే రెండు ఏటవాలు గీతలు. కే, ఎమ్, వీ, డబ్ల్యూ, ఎక్స్ అన్నీ అలాంటివే. మూడున్నరేళ్ల బిడ్డ ‘ఏ’ రాయలేకపోతే మొద్దు కాదు, వయసు చాల్లేదు. మన తెలుగు అక్షరాలు ఎక్కువ గుండ్రాలే కదా అని తొందరపడటానికీ లేదు. ‘ర’, ‘ల’ బాగానే వస్తాయి గాని ‘ఋ’, ‘ఖ’ల్లో మెలికలకు వేళ్లు ఇంకా గట్టిపడాలి.

ఆ గట్టిపడటం పెన్సిల్‌తో వచ్చేది కాదు. చపాతీ పిండి ముద్ద పిసకడం, చిక్కుడుకాయలు ఒలవడం, ఆరిన బట్టలకున్న క్లిప్పులు తీయడం, పూసలు గుచ్చడం, బకెట్‌లో తడిబట్ట పిండడం. నాలుగు గీతల్లో రాయడానికి అసలు తయారీ ఇదే. ఇందులో ఒక్కటి కూడా కొనాల్సింది లేదు. బహుశా అందుకే దీన్ని ఎవరూ అమ్మజూపడం లేదు. మాంటిస్సోరి 1939లో మద్రాసు అడయారు వచ్చి యుద్ధకాలమంతా మన దేశంలోనే ఉండి వందలమంది ఉపాధ్యాయులకు నేర్పిన పద్ధతిలో గిన్నెలోంచి గిన్నెలోకి పప్పులు పోయడం, బొత్తాలు పెట్టుకోవడం చదువులో భాగం. అంతకుముందే 1920లో విద్యావేత్త గిజుభాయి భావనగర్‌లో బాలమందిర్ పెట్టి పిల్లలను కథలతోనే కూర్చోబెట్టాడు. మన కాలనీల్లో మాంటిస్సోరి పేరు పెట్టుకున్న బోర్డులకు లోటు లేదు. పేరు పెట్టుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

భాష దగ్గర ఇంకా పెద్ద చిక్కుంది. ఇంట్లో ఇద్దరూ నల్గొండ తెలుగు మాట్లాడుకుంటారు. బిడ్డవైపు తిరిగేసరికి “బేబీ, వాటర్ డ్రింక్ చెయ్, షూస్ వేర్ చెయ్” అని మొదలవుతుంది. ఇది ఇంగ్లిష్ కాదు, తెలుగూ కాదు. క్రియలన్నీ ‘చెయ్’ అయిపోతే బిడ్డకు ఒలకడం, చిమ్మడం, తొణకడం, కారడం వేరువేరు పనులని ఎలా తెలుస్తుంది? బడికి కావలసిన భాష పేర్ల పట్టిక కాదు. జరిగినదాన్ని వరసగా చెప్పగలగడం, ఎందుకని అడగగలగడం, కథ మధ్యలో తర్వాత ఏమవుతుందో ఊహించగలగడం. అవి బాగా వచ్చిన భాషలోనే వస్తాయి. ఆ తర్వాత ఇంగ్లిష్‌లోకి కూడా అవే తోడుగా వస్తాయి. ఊళ్లో నానమ్మ చెప్పే కథకు “ఊఁ” కొట్టిన పిల్లకు ఈ విషయంలో రైమ్స్ పిల్ల కంటే తయారీ ఎక్కువ.

1940లో మద్రాసులో ఆంధ్ర బాలానంద సంఘం పెట్టిన న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు రేడియో అన్నయ్య, అక్కయ్యలుగా చేసిందీ ఈ పనే, పిల్లలతో పిల్లల మాటలు మాట్లాడించడం. ఇప్పుడు రేడియో లేకపోయినా పుస్తకాలున్నాయి. నాగోల్‌లో మెట్రో ఎక్కితే ఐదు స్టేషన్ల అవతల తార్నాక. అక్కడి ‘మంచి పుస్తకం’ సంస్థ బొమ్మలతో చిన్నపిల్లల కోసం తెలుగు పుస్తకాలు వేస్తోంది, ధరలూ తక్కువే. రాష్ట్రంలో 2018 చట్టం ప్రకారం ఏ బోర్డు బడి అయినా ఒకటో తరగతి నుంచి తెలుగు నేర్పాల్సిందే. నర్సరీ గేటు దగ్గర “నో తెలుగు” అని నేర్పి, ఒకటో తరగతిలో ట్యూషన్ పెట్టించుకోవడం చూస్తూనే ఉన్నాం.

భాష ముచ్చట పుస్తకాలతో ఆగదు. ఇంట్లో బిడ్డ “అమ్మా, ఒంటికి” అంటుంది. బడిలో “మే ఐ గో టు వాష్‌రూమ్, మిస్” అనాలి. ఆ వాక్యం గుర్తొచ్చేలోపు పని అయిపోతుంది. మిగతా పిల్లలు నవ్వుతారు. మర్నాడు కడుపునొప్పి అని బడికి రానంటుంది. జూన్ మూడో వారంలో పిల్లల డాక్టర్ల దగ్గరికి వచ్చే కడుపునొప్పుల్లో కొన్ని ఇలాంటివే అయి ఉంటాయని నా అనుమానం. దీనికి ఇంటి దగ్గర చేయగలిగింది చాలా ఉంది. బడిలో ఏ మాట అనాలో ముందే తెలుసుకుని ఇంట్లో వారం రోజులు అదే మాట వాడటం, నిక్కరు తనే దించుకుని ఎక్కించుకునేలా నాడా కాకుండా ఎలాస్టిక్ ఉన్నది కుట్టించడం, బ్యాగులో ఇంకో జత బట్టలు పెట్టి అవి ఎందుకున్నాయో బిడ్డకు చెప్పడం. కాని బడి చేయగలిగింది ఇంకా సులువు. ‘ఒంటికి’ అన్నా, చిటికెన వేలు చూపించినా వెంటనే పంపేయడం.

తిండి సంగతి దీనికి తోబుట్టువు. ఫోన్‌లో కార్టూన్ పెట్టి, నోట్లో ముద్దలు పెడితే తినే బిడ్డ పదిన్నరకు టిఫిన్ డబ్బా ముందు ఏం చేస్తుంది? ఫోన్ లేదు, ముద్ద పెట్టే చెయ్యి లేదు. డబ్బా మూత గట్టిగా ఉంటే అదీ తెరుచుకోదు. సాయంత్రం డబ్బా అట్లాగే ఇంటికొస్తుంది, బడిలో ఎవరూ పట్టించుకోలేదని తల్లి బాధపడుతుంది. ఐదేళ్లలోపు పిల్లల గురించి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన మార్గదర్శకాల్లో మూడు నాలుగేళ్లవాళ్లకు రోజుకు స్క్రీన్ గంటకు మించకూడదు, తగ్గితే ఇంకా మంచిది. నిద్ర పది నుంచి పదమూడు గంటలు. రాత్రి ఎనిమిదికి అమ్మానాన్న వచ్చే ఇంట్లో బిడ్డ పదకొండుకు గాని పడుకోదు. ఎనిమిదిన్నరకు వ్యాన్ ఎక్కాలంటే ఏడుకు లేపాలి. లెక్క మీరే వేసుకోండి. ఇది నేరమని అనడం లేదు. బడి గంటలను ఉద్యోగపు గంటలను బట్టి కాకుండా బిడ్డ నిద్రను బట్టి పెడితే బాగుండేదని మాత్రం అనిపిస్తుంది.

ఇంట్లో మనం చేసే ఇంకో పని ఉంది, దాన్ని ఎవరూ తయారీ కింద లెక్కపెట్టరు. “మాట వినకపోతే బళ్లో ఏస్తా”, “టీచర్‌కు చెప్తా, అప్పుడు నీ సంగతి” అని ఏడాది పొడవునా బెదిరించి, జూన్‌లో అదే టీచర్ చేతికి బిడ్డను అప్పగిస్తాం. బిడ్డ గేటు పట్టుకుని ఏడిస్తే మొండి అంటాం. వెనకనుంచి చెప్పకుండా జారుకోవడం పెద్దలకు తేలిక, బిడ్డకు మాత్రం తెల్లారేసరికి ఇంకా గట్టిగా అంటిపెట్టుకోవడమే దాని ఫలం. మొదటి వారం గంటే ఉంచి, తర్వాత పెంచుతూ పోయే పద్ధతి కొన్ని బడుల్లో ఉంది. అన్నిచోట్లా ఎందుకు లేదంటే వ్యాన్ రెండు ట్రిప్పులు తిరగాలి.

చట్టం ఏమంటుందో చూద్దాం. విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. దాని 13వ సెక్షన్ ప్రకారం అడ్మిషన్ కోసం బిడ్డను గాని తల్లిదండ్రులను గాని పరీక్ష, ఇంటర్వ్యూ లాంటి వడపోతకు గురిచేయకూడదు. మొదటిసారి చేస్తే 25,000 రూపాయల దాకా జరిమానా, ఆ తర్వాత ప్రతిసారీ 50,000 దాకా. చదివితే ధైర్యం వస్తుంది. కాని చట్టం దృష్టిలో బాలలంటే ఆరు నుంచి పద్నాలుగేళ్లవాళ్లు. మూడేళ్ల నర్సరీ పిల్ల ఆ గొడుగు కింద సరిగా ఇమడలేదు. ‘ఇంటర్వ్యూ’ అనకుండా ‘ఇంటరాక్షన్’ అంటే సరిపోతోంది. 1993లోనే కేంద్రం వేసిన యశ్‌పాల్ కమిటీ నర్సరీ ప్రవేశ పరీక్షలు, ఇంటర్వ్యూలు రద్దు చేయాలని, పసిపిల్లలకు చదవడం రాయడం లెక్కలు కుక్కడం ఆపాలని, ప్రీస్కూళ్లను చట్టం కిందికి తేవాలని చెప్పింది. ముప్పై ఏళ్లు దాటిపోయింది. ప్రైవేటు ప్లేస్కూళ్ల కోసం జాతీయ బాలల హక్కుల కమిషన్ మార్గదర్శకాలు తయారుచేసి పెట్టింది. మూడేళ్లు నిండాకే చేర్చుకోవాలని, ఇరవై మందికో టీచర్, ఇరవై మందికో ఆయా ఉండాలని, రోజుకు మూడు నాలుగు గంటలకు మించకూడదని. మన వీధిలోని ప్లేస్కూల్‌కు వెళ్లి అడిగి చూడండి, అవి ఉన్నాయనైనా తెలుసేమో.

ఖర్చులేని దారి లేకపోలేదు. అంగన్‌వాడీలు 1975 అక్టోబరు 2న సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం (ఐసీడీఎస్)తో మొదలయ్యాయి. మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు ఆటపాటలతో చదువు చెప్పడం మొదటినుంచీ వాటి పనుల్లో ఒకటి. నగరంలో అవి బస్తీలోని ఒక అద్దెగదిలో ఉంటాయి. కోడిగుడ్డు, పప్పన్నం ఉంటాయి, ఆడుకునే స్థలం ఉండదు, టీచర్‌కు రిజిస్టర్లు రాయడంతోనే పొద్దుపోతుంది. నాగోల్ ఫ్లాట్లవాళ్లు ఆ గుమ్మం తొక్కరు. 2025–26లో రాష్ట్ర ప్రభుత్వం 210 ప్రభుత్వ ప్రాథమిక బడుల్లో ప్రీప్రైమరీ మొదలుపెట్టాలని నిర్ణయించింది. ఆలస్యంగానైనా సరైన అడుగు. కాకపోతే ఆ గదిలో కూడా నాలుగు గీతల నోట్‌బుక్కే పెడితే, ప్రైవేటుకు దీటుగా ఉన్నామని చూపించుకోవడానికి తప్ప ఎందుకూ పనికిరాదు. 2021లో కేంద్రం ‘విద్యాప్రవేశ్’ పేరుతో ఒకటో తరగతి పిల్లలకు మొదటి మూడు నెలలు ఆటతోనే గడిపే ప్రణాళిక తయారుచేసింది. ప్రీస్కూలు ముఖం చూడకుండా వచ్చిన వాచ్‌మన్ కూతురికి ఆ మూడు నెలలు చాలా విలువైనవి. సిలబస్ వెనకబడుతుందని ఆ మూడు నెలలను మూడు వారాలు చేయకుండా ఉంటే చాలు.

కాగితాల విషయం త్వరగా ముగిస్తాను. 2023 అక్టోబరు 1న గాని ఆ తర్వాత గాని పుట్టిన పిల్లలకు బడిలో చేరడానికి జనన ధ్రువపత్రమే ప్రధాన ఆధారం. ఆసుపత్రిలో పుట్టినప్పుడు బిడ్డకు పేరు పెట్టి ఉండరు కాబట్టి చాలామంది ధ్రువపత్రాల్లో పేరు గడి ఖాళీగానే ఉంటుంది. అడ్మిషన్ వారంలో మీసేవ చుట్టూ తిరిగే బదులు ఇప్పుడే చేర్పించుకోండి. ఆధార్‌లో, ధ్రువపత్రంలో ఇంటిపేరు ఒకే తీరుగా ఉందో లేదో చూసుకోండి. ఆరేళ్ల నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకు వయసు రుజువు లేదని బడి అడ్మిషన్ నిరాకరించకూడదని కూడా చట్టంలో ఉంది. కాగితాలతోపాటు ఆరోగ్యమూ చూసుకోవాలి. ఐదారేళ్లకు డీపీటీ టీకా రెండో బూస్టర్ వేయించాలి, చాలామంది మరిచిపోతారు. కళ్లు ఒకసారి చూపించడం మంచిది. బోర్డు మీది అక్షరం కనబడక వెనకబడ్డ పిల్లలను మందబుద్ధి కింద జమకట్టిన ఉదాహరణలు ప్రతి బడిలోనూ ఉంటాయి.

బడి ఎంచుకోవడానికి క్యాంపస్ చూడబోయినప్పుడు డిజిటల్ బోర్డు, స్ప్లాష్ పూల్ చూపిస్తారు. చూడండి, కాని అక్కడ అడగాల్సింది ఆయమ్మ గురించి. మొదటి నెల బిడ్డ ముక్కు తుడిచేది, బట్టలు మార్చేది, ఏడుస్తుంటే ఎత్తుకునేది ఆయమ్మ. టీచర్ కన్నా బిడ్డ ముందు గుర్తుపట్టేదీ ఆమెనే. ఎంతమంది ఆయమ్మలున్నారు, ఎన్నాళ్లనుంచి పనిచేస్తున్నారు, ఏటేటా మారిపోతున్నారా? ఈ ప్రశ్న వేస్తే అడ్మిషన్ కౌంటర్‌లో కాస్త ఆశ్చర్యంగా చూస్తారు. ఆ చూపును బట్టే సగం తెలిసిపోతుంది. నర్సరీ టీచర్ ఎంత జీతంతో ఎన్ని గంటలు నిలబడుతుందో అడిగే ధైర్యం ఉంటే అదీ అడగండి. ఏడాదికి ముగ్గురు టీచర్లు మారిన గదిలో పిల్లలకు మళ్లీ మళ్లీ మొదటిరోజే.

ఏప్రిల్ చివర సెలవులు ఇచ్చాక బడి మళ్లీ తెరిచే జూన్ 12 దాకా ఆరేడు వారాలుంటాయి. వేసవి క్యాంపులో హ్యాండ్‌రైటింగ్ కోర్సుకు డబ్బు పోసే బదులు బిడ్డను ఊరికి పంపితే మేలని నా లెక్క. నల్గొండలో మేనమామ ఇంట్లో పదిమంది పిల్లల మధ్య నెల రోజులు తిరిగొచ్చిన బిడ్డకు వంతు ఆగడం, వస్తువు పంచుకోవడం, అమ్మ లేకుండా నిద్రపోవడం ఒక్కసారే వచ్చేస్తాయి. తిరిగొచ్చాక కొత్త డబ్బాలో ఇంట్లోనే రోజూ పదిన్నరకు టిఫిన్ పెట్టి, మూత తనే తీసుకోనివ్వండి. దిల్‌సుఖ్‌నగర్‌లో షూస్ కొనేటప్పుడు లేసులవి వద్దు, వెల్క్రో పట్టీవి అడగండి. యూనిఫాం రెండు సైజులు పెద్దది కొంటే రెండేళ్లు వస్తుందన్నది నిజమే గాని, మోకాళ్లు దాటిన నిక్కరుతో బాత్రూంలో తంటాలు పడేది మీరు కాదు.